ఎలక్ట్రానిక్స్ వ్యాసంగము : గ్రామ పంచాయతీలు గమనింపదగిన విషయములు

దాదాపు ప్రతి గ్రామములోను ఒక కుర్రవాడుండును. పాడైన రేడియో కనబడిన విప్పి చూడక మానడు. పగిలిన సెల్‌ఫోనును, కాలిపోయిన ఫ్యాను మోటారును, పారవేసిన టార్చిలైటును ఇంటికి మోసికొనిపోవును. ఇంటివారు విసుగుకొందురు. ఇరుగుపొరుగువారు నవ్వుదురు. అయినను పక్కయింటి మోటారు స్టార్టరు మొరాయించినప్పుడు అందరును వానికొరకే కబురంపుదురు.

కొన్ని మాసముల క్రిందట కోస్తాలోని ఒక గ్రామమున పంచాయతీ సమావేశము జరుగుచుండగా ఈ వ్యాసకర్త అచట నుండుట తటస్థించినది. ఆ ఊరి యువకులు నలుగురు తమ వ్యాసంగము కొరకు ఖాళీగా నున్న పాత గ్రంథాలయపు గదిని సాయంకాలపు వేళల వాడుకొనుటకు అనుమతి కోరిరి. వృద్ధుడగు సభ్యుడొకరు లేచి, "ఆ తీగెలతో ఊరికేమి లాభమండీ? ఎవడికైనా షాకు కొడితే జవాబు చెప్పేదెవరు?" అని అడిగిరి. సర్పంచి వెంటనే సమాధానము చెప్పలేకపోయిరి. విషయము మరుసటి సమావేశమునకు వాయిదా పడినది.

ఆ పెద్దమనిషి అడిగినవి రెండును న్యాయమైన ప్రశ్నలే. లాభమేమి? ప్రమాదమేమి? ఈ రెంటికిని సమాధానము తెలిసికొనుట పంచాయతీ సభ్యులందరికిని అవసరము.

ఈ వ్యాసంగము ఎట్టిది?

ఎలక్ట్రానిక్స్ అభిరుచి గలవారు జీతము కొరకు ఈ పని చేయరు. ఒక యంత్రము ఎట్లు పనిచేయుచున్నదో తెలిసికొనవలెనను కుతూహలమే వారిని నడిపించును. వారి సామగ్రి స్వల్పము. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒకటి, సోల్డర్ తీగె, ఒక మల్టీమీటరు, స్క్రూడ్రైవరు, పట్టుకారు ఉన్న చాలును. మొదట వారు నేర్చుకొనునది రంగుల లెక్క. రెసిస్టరు అను చిన్న గొట్టముపై నుండు రంగు చారలు అంకెలను తెలుపును. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలము 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. చదువు అంతగా రాని కుర్రవాడు కూడ ఈ లెక్కను రెండు దినములలో కంఠస్థము చేయగలడు.

ఈ అభిరుచి గలవారిలో ఒక శాఖవారు హ్యాములు, అనగా అమెచ్యూర్ రేడియో నడుపువారు. వీరు ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై, కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు పొంది, తమ సొంత రేడియోలతో ఇతర ఊళ్ల వారితోను, ఇతర దేశముల వారితోను సంభాషింతురు. మన దేశమున కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు 1921లో ఇట్టి కేంద్రమును తొలుత నడిపెను. ప్రతి హ్యామునకు ఒక పిలుపు గుర్తుండును. భారతీయుల గుర్తులు 'వి.యు.' అను అక్షరములతో ప్రారంభమగును. ప్రధానమంత్రిగా పనిచేసిన రాజీవ్ గాంధీ కూడ లైసెన్సు పొందిన హ్యామే. హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యలో శిక్షణ ఇచ్చుటలో పేరు పొందినది.

లైసెన్సు లేక ప్రసారము చేయుట నేరము. లైసెన్సు ఉన్నను ఈ రేడియోపై వ్యాపారము చేయరాదు, పాటలు ప్రసారము చేయరాదు, పార్టీ ప్రచారము చేయరాదు. వినుటకును, నేర్చుకొనుటకును, ఆపత్కాలమున సాయపడుటకును మాత్రమే ఇది ఉద్దేశింపబడినది.

అంగడి వీధులు

పుస్తక ప్రియునకు పుస్తకశాల ఎట్టిదో వీరికి విడిభాగముల అంగడి అట్టిది. హైదరాబాదులో కోఠీ ప్రాంతమునందలి గుజరాతీ గల్లీ, మద్రాసులో మౌంటు రోడ్డు చెంతనున్న రిచీ వీధి, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు, ఢిల్లీలో లజపతిరాయ్ మార్కెట్టు ఈ వ్యాపారమునకు పేరుపడినవి. జపాను దేశపు టోక్యో నగరములో అకిహబారా అను పేట రెండవ ప్రపంచ యుద్ధానంతరము రేడియో భాగములమ్ము చిన్న చిన్న దుకాణములతోనే ప్రసిద్ధి కెక్కినది.

ఇట్టి వీధులలో దుకాణము పది అడుగుల వెడల్పు మించకుండును. గోడనిండ చిన్న చిన్న సొరుగులు. దేనిలో ఏమున్నదో యజమానికి తప్ప అన్యులకు తెలియదు. కొనుగోలుదారుడు కాగితముపై వ్రాసికొనిపోయిన సంఖ్య చెప్పిన క్షణములో వస్తువు చేతిలో పడును. పాత కంప్యూటర్ల నుండి, చెడిన టెలివిజన్ల నుండి ఊడదీసిన భాగములు గుట్టలుగా అమ్ముడుపోవు చోట్లు కూడ ఇచట కలవు. ఇంటర్నెట్ ద్వారా సరకు తెప్పించుకొనుట ఇప్పుడు సులభమైనది. అయినను దుకాణము వలన ఒక లాభమున్నది. తప్పు భాగము కోరినచో, "ఇది నీకు పనికిరాదు, దానికిది వేయవలెను" అని అనుభవజ్ఞుడైన దుకాణదారుడు చెప్పును. ఆ సలహాకు వెల లేదు.

పల్లెలో ఈ స్థానము రేడియో మెకానిక్కుది. 1950లలో పంచాయతీలలో సామూహిక రేడియోలు నెలకొల్పబడిన కాలమునుండి, ట్రాన్సిస్టర్లు, టెలివిజన్లు, సెల్‌ఫోన్లు వచ్చిన కాలము వరకు ఆయన బల్ల ఎదుట నిలబడి చూచుటయే ఎందరికో తొలి పాఠశాల అయినది. ఇట్టి మెకానిక్కు మీ ఊరిలో నున్నచో అతనిని కేవలము చిల్లర పనివానిగా గాక గురువుగా గుర్తింపవలెను.

కొండలు, అడవులు, నక్కవేట

ఈ వ్యాసంగము గదిలో కూర్చుండి చేయునది మాత్రమే యనుకొనుట పొరపాటు. ఇందు పరుగులు, కొండ ఎక్కుటలు కూడ కలవు.

హ్యాముల ఆటలలో మిక్కిలి ఉత్సాహకరమైనది నక్కవేట. ఇందు నిజమైన నక్క లేదు. ఒక చిన్న ప్రసార యంత్రమును పొదలోనో, గట్టు వెనుకనో దాచి పెట్టుదురు. ఆటగాండ్రు దిక్కును పట్టి చూపు ఏరియలును చేత బట్టుకొని, శబ్దము ఏ వైపున హెచ్చుచున్నదో వినుచు దానిని వెదకి పట్టుకొనవలెను. ఈ ఏరియలును వడ్రంగులు వాడు పాత ఉక్కు కొలత టేపు ముక్కలతో కూడ చేసికొనవచ్చును. అంతర్జాతీయ పోటీలలో అడవిలో 5 ప్రసార యంత్రములను దాచుదురు. అవి ఒకదాని తరువాత ఒకటి నిముషము చొప్పున పలుకును. పటము చేతబట్టి పరుగెత్తుచు, వినుచు వాటిని కనుగొనవలెను. ఈ ఆటలో ఆరితేరినవాడు ఆపదలో చిక్కుకొనిన వాని రేడియో సంకేతమును కూడ వెదకి పట్టుకొనగలడు.

మరికొందరు రేడియోను వీపున వేసికొని పర్వత శిఖరముల కెక్కి అచటి నుండి మాటలాడుదురు. 2002లో బ్రిటనులో ప్రారంభమైన ఈ ఆట పెక్కు దేశములకు వ్యాపించినది. ఎత్తైన చోటినుండి అలలు దూరముగా పోవుటయే దీనికి కారణము. అమెరికాలో 1933 నుండి జూన్ మాసమున జరుగుచున్న క్షేత్ర దినోత్సవమునాడు వేలాది హ్యాములు పొలములలో డేరాలు వేసికొని, ఊరి కరెంటుపై ఆధారపడక, బ్యాటరీలతోను జనరేటర్లతోను రేయింబవళ్లు రేడియో నడుపుదురు. చూచుటకిది జాతరవలె నుండును. నిజమునకది ఆపత్కాలమునకు అభ్యాసము.

తిండి సంగతి

ఎచట ఈ మిత్రులు కూడినను అచట ఫలహారము తప్పదు. నక్కవేట ముగిసిన పిదప ఇడ్లీ, వడ, కాఫీల యొద్ద కూర్చుండి ఎవరు ఏ పొద వద్ద దారి తప్పిరో చెప్పుకొనుట ఆటలో సగభాగము. పేర్లలో సైతము తిండి వాసన కలదు. ఇటలీలోని ఇవ్రెయా పట్టణమున 2005లో ఉపాధ్యాయులు కొందరు విద్యార్థుల కొరకు ఒక చౌక యంత్రపు పలకను తయారు చేసిరి. తాము కూర్చుండి మాటలాడుకొను పానశాల పేరిట దానికి ఆర్డుయినో అని పేరు పెట్టిరి. బ్రిటనులో 2012లో వెలువడిన అరచేతిలో ఇముడు కంప్యూటరునకు రాస్ప్‌బెరీ అను పండు పేరు పెట్టిరి. ఈ రెండును నేడు మన పాఠశాలలలో కూడ కనబడుచున్నవి.

గ్రామములకు ఉపయోగపడు తిండి సంగతులు వేరే కలవు. కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెను ఈ కుర్రవాండ్రు స్వయముగా చేయగలరు. ఒక చెక్కపెట్టె, ఒక బల్బు, చిన్న ఫ్యాను, వేడిని కొలిచి బల్బును ఆర్పి వెలిగించు పరికరము, తేమకొరకు నీటి గిన్నె చాలును. లోపలి వేడిమి 37.5 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలకడగా నుండవలెను. 18వ దినము వరకు గ్రుడ్లను దినమునకు పలుమార్లు తిప్పవలెను. 21వ దినమునకు పిల్లలు వెలువడును. వేడి రెండు మూడు డిగ్రీలు హెచ్చినను పిండము చచ్చును గనుక ఇచటనే ఎలక్ట్రానిక్స్ యొక్క ఉపయోగము తెలియును. చలికాలమున ఇడ్లీపిండి పులియుటకు వెచ్చని పెట్టె, బావిలో నీరు తగ్గినప్పుడు మోటారును ఆపివేయు పరికరము, ట్యాంకు నిండగానే గంట మ్రోగించు పరికరము, ఇవన్నియు ఈ వ్యాసంగపు ఫలములే. మహిళా సంఘముల సభ్యులు పొదుగు పెట్టె విషయమున ఈ యువకులతో చేయి కలిపినచో ఇరువురకును మేలు.

తుపాను వేళ

ఇక ముఖ్య విషయమునకు వత్తము. 1977 నవంబరు 19వ తేదీ నాడు దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు పదివేలమందిని బలిగొన్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. అంత పెద్ద నగరమున కూడ కరెంటు, టెలిఫోన్లు నిలిచిపోయి, ఒకరి క్షేమ మొకరికి తెలియక జనులు తల్లడిల్లిరి.

చేతిలో సెల్‌ఫోనుండగా ఇట్లేల జరుగును? సెల్‌ఫోను మరియొక సెల్‌ఫోనుతో నేరుగా మాటలాడదు. మన మాట మొదట టవరునకు పోవలెను. ఆ టవరునుండి కేబులు ద్వారానో, మరియొక టవరు ద్వారానో కేంద్రమునకు చేరవలెను. టవరు కూలినను, కేబులు తెగినను, టవరు క్రింది బ్యాటరీ అయిపోయి డీజిలు చేరకపోయినను మాట ఆగిపోవును. హ్యాము రేడియోకు నడుమ ఎవ్వరును అక్కరలేదు. ఈ కొసనొక రేడియో, ఆ కొసనొక రేడియో ఉన్న చాలును. 7 మెగాహెర్ట్జ్ అలలపై మాటలాడుటకు సుమారు 20 మీటర్ల తీగె, రెండు చెట్లు, ట్రాక్టరు నుండి తీసిన 12 వోల్టుల బ్యాటరీ సరిపోవును. ఈ అలలు ఆకాశమున పైనున్న అయనావరణమను పొరకు తగిలి క్రిందికి మరలి, వందల కిలోమీటర్ల దూరమున వినబడును. 144 మెగాహెర్ట్జ్ అలలపై పనిచేయు చేతి రేడియోలు సమీప గ్రామముల నడుమ, అనగా కొన్ని కిలోమీటర్ల వరకు ఉపయోగపడును.

దీనికొక నిదర్శనము చెప్పుదుము. 2004 డిసెంబరు ప్రారంభమున హైదరాబాదు సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ బృందముతో అండమాన్ దీవులలోని పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లిరి. ఆ దీవులనుండి హ్యాముల ప్రసారము చాల ఏండ్లుగా లేనందున ప్రపంచమందలి హ్యాములు వారి పలుకుకొరకు ఎదురు చూచిరి. అది కేవలము వేడుకకై సాగిన ప్రయాణము. డిసెంబరు 26వ తేదీ ఉదయమున భూకంపము, సునామీ సంభవించినవి. సాధారణ సంబంధములు దెబ్బతినగా, వేడుకకై తెచ్చిన ఆ రేడియోలే సహాయక చర్యలకును, బంధువుల క్షేమ సమాచారమునకును సాధనములైనవి. ముందు రోజు వరకు ఆటగా నున్నది మరునాడు ప్రాణాధారమైనది.

ప్రమాదములు, జాగ్రత్తలు

వృద్ధ సభ్యుని రెండవ ప్రశ్నను దాటవేయుటకు వీలులేదు. ఈ వ్యాసంగమున ప్రమాదమున్నది. అది తెలియనివానికే హెచ్చు.

ఇంటి కరెంటు 230 వోల్టులు. మన దేహముగుండ ఒక ఆంపియరులో వందవ వంతులు కొన్ని ప్రవహించినను గుండె ఆగవచ్చును. అందుచే గదిలో 30 మిల్లీఆంపియర్లకే కరెంటును కత్తిరించు లీకేజి బ్రేకరును తప్పక అమర్చవలెను. క్రొత్తవారు బ్యాటరీతో నడచు పనులతోనే ప్రారంభింపవలెను. టెలివిజను, మైక్రోవేవ్ పొయ్యి వంటివాటిలో ప్లగ్గు తీసిన పిదప కూడ కెపాసిటరులో కరెంటు నిలువయుండును. మైక్రోవేవ్ పొయ్యి లోని ట్రాన్స్‌ఫార్మరు సుమారు 2,000 వోల్టులు పుట్టించును. దానితో చెక్కపై బొమ్మలు కాల్చుట అను ఆట విదేశములలో పలువురి ప్రాణములు తీసినది. మన పిల్లలు దీనిని వీడియోలలో చూచి అనుకరింపకుండ కాపాడవలెను.

ఏరియలు తీగెను కరెంటు లైనుమీదుగా ఎన్నడును విసరరాదు. గాలికి పడినను లైనుకు తగులనంత దూరములో స్తంభము నిలుపవలెను. మన ఊళ్ల మీదుగా పోవు లైన్లలో 11,000 వోల్టులవి కలవు. సంక్రాంతి గాలిపటమునకు లోహపు తీగె కట్టి ఏరియలుగా ఎగురవేయుట కొందరి సరదా. లైను సమీపమున నది చావును పిలుచుటయే. ఉరుములు వినబడగానే ఏరియలును రేడియోనుండి విప్పి వేయవలెను.

సోల్డర్ తీగెలలో తరచుగా సీసము కలిసియుండును. సీసము దేహములో చేరిన పిల్లల బుద్ధి వికాసమునకు చెరుపు. కావున పని చేయు బల్లపై తినరాదు, త్రాగరాదు. పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడిగికొనియే ఫలహారము ముట్టవలెను. పొగ పోవుటకు కిటికీలు తెరచియుంచవలెను. ఉబ్బిన లిథియం బ్యాటరీలను పొడువరాదు, చార్జి చేయరాదు. రాగి కొరకు వైర్లను కాల్చుట మిక్కిలి హానికరము. ఆ పొగ విషము.

షాకు తగిలినవానిని చేతితో పట్టుకొని లాగరాదు. ముందు మెయిను ఆపవలెను. అది వీలుకానిచో పొడి కర్రతో తీగెను తొలగింపవలెను. హెచ్చు వోల్టేజి లైను తెగిపడినచో కర్రతో కూడ దగ్గరకు పోరాదు. సబ్‌స్టేషనుకు తెలిపి లైను ఆపించువరకు జనులను దూరముగా నుంచవలెను.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదటిది, ఖాళీగా నున్న గది నొకదానిని సాయంకాలము ఈ యువకులకు ఇచ్చుట. లీకేజి బ్రేకరు, సరియైన ఎర్తింగు, ఇసుక బకెట్టు, గోడపై జాగ్రత్తల పట్టిక ఉన్నప్పుడే గది తాళము చేతికీయవలెను. రెండవది, ఊరి మెకానిక్కునో, హైస్కూలు సైన్సు ఉపాధ్యాయునో బాధ్యునిగా నియమించుట. మూడవది, ఆసక్తి గలవారిని, బాలికలను సైతము, అమెచ్యూర్ రేడియో పరీక్షకు ప్రోత్సహించుట. నాల్గవది, తుపాను భయము గల గ్రామములలో వర్షాకాలమునకు ముందుగా ఒక దినము కరెంటును, సెల్‌ఫోనును వాడక సమాచారము పంపు అభ్యాసము జరుపుట. తుపాను ఆశ్రయ భవనమున ఏరియలు కట్టుటకు తగిన చోటును ముందే చూచియుంచుట మంచిది. ఐదవది, పాడైన విద్యుత్ పరికరములను చెత్తకుప్పలో వేయక ఒకచోట చేర్చి, అనుమతి గల సంస్థలకు పంపుట.

పైన చెప్పిన గ్రామమున మరుసటి సమావేశము జరిగినది. యువకులు తమంతట తామే జాగ్రత్తల పట్టిక వ్రాసికొని వచ్చి చదివిరి. లైన్‌మన్ వచ్చి గదిలోని వైరింగు చూచి, రెండు చోట్ల మార్పించెను. ఆ వృద్ధ సభ్యుడే తీర్మానమును ప్రతిపాదించిరి. "నేను ఉప్పెన చూసినవాణ్ణి. ఆ రాత్రి మా మాట వినేవాడు ఒక్కడు దొరికితే చాలుననిపించింది" అని మాత్రము పలికి కూర్చుండిరి.

ప్రతి గ్రామమునకును అట్టి రాత్రి రాకుండుగాక. వచ్చినచో, మాట వినిపింపగల చేతులు ఆ గ్రామముననే సిద్ధముగా నుండవలెను. అవి ఇప్పుడు ఏదో ఒక ఇంటి వసారాలో పాత రేడియోను విప్పుచున్నవి. వాటికి చోటును, జాగ్రత్తను చూపుట పంచాయతీ వంతు.